మంగళారం రాకు

నా ఫోన్‌లో నూట నలభై ఉద్యోగాలున్నాయి.
అర్ధరాత్రి దాటాక కూడా మోగుతుంది:
"అభినందనలు ఆండాళు గారూ, మీరు ఎంపికయ్యారు,
రెండువేల ఐదొందలు కడితే చాలు."
జీతమెంతని అడిగితే
"మార్కెట్‌లో అత్యుత్తమం" అంటుంది.
ఆ నోటు ఏ కిరాణా కొట్లోనూ చెల్లదు.

నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర
స్టూలు మీంచి లేవకుండానే
వాచ్‌మన్ మొగిలయ్య చెప్పాడు:
"రెండే ఖాళీలున్నయమ్మా.
ఒకటి సూపర్‌వైజర్ మరదలికి అయిపోయినట్టే.
ఇంకోటి రాత్రి షిఫ్టు. పద్నాలుగు వేలని రాస్తరు,
చేతికొచ్చేది పన్నెండున్నర.
పదిన్నర దాటితే హబ్సిగూడ దిక్కు బస్సు దొరకదు.
బాత్రూం తాళంచెవి ఆఫీసుల అడగాలె.
సోంచాయించుకొని రా.
మంగళారం రాకు, సారుండడు."

చేరలేదు నేను.
కానీ ఇల్లు చేరేదాకా ఆ పన్నెండున్నర వేలని
అద్దెకీ, గ్యాసుకీ, పిల్లాడి ఫీజుకీ
విరగ్గొట్టి చూసుకుంటూనే ఉన్నాను.
నిజమైన అంకె అయితేనే విరుగుతుంది.

తెల్లారి ఫోన్ అడిగింది
తన సేవకు ఎన్ని చుక్కలిస్తానని.
ఐదూ మొగిలయ్యకే ఇద్దామంటే
నొక్కడానికి అతని పేరెక్కడా లేదు.

రెండు సమోసాలు కట్టించుకుని
మళ్ళీ ఆ గేటుకే వెళ్ళాను.
మంగళవారమే.
సారు లేడు.