గుల్లసున్నం

టోబియస్ మజీక్ గోడని ముందు వింటాడు.
వేలి కణుపుతో తడతాడు,
బోలుగా పలికిన చోట
సుద్దముక్కతో సున్నా చుడతాడు.

చార్ల్‌స్టన్‌లో ఆగస్టు.
పోటెక్కువైన రోజు రేవు నీళ్ళు
మురుక్కాలవల్లోంచి వీధిలోకి నడిచొస్తాయి,
మా ఇసక బస్తాలు అడుగున తడుస్తాయి.
నేను గుల్లసున్నం కలుపుతాను.
"సిమెంటు పెడితే పాత ఇటుకకి ఊపిరాడదు"
అంటాడు రోజూ, నేను మర్చిపోయినట్టు.

గుర్రబ్బండి ఆగుతుంది.
పదహారు మంది యాత్రికులు, ఒక మైకు.
గోడకున్న ఇనప నక్షత్రాల్ని చూపిస్తుంది గైడు పిల్ల:
భూకంపం తర్వాత ఇంటికి నడుంకట్టు కట్టిన కడ్డీల తలలవి,
ఇల్లు ఒక బియ్యం వర్తకుడిది,
మూడో అంతస్తు కిటికీలో పెళ్ళికూతురి దయ్యం.
దయ్యం దగ్గర అందరూ ఫోన్లు ఎత్తుతారు.
గుర్రం మా ఇసక మీద ఉచ్చ పోసి కదులుతుంది.

బండి మలుపు తిరిగాక అంటాడు టోబియస్:
"ఆ బియ్యం మడులూ ఈ ఇటుక బట్టీ
ఒకే ఏటి ఒడ్డువి. చేతులూ అవే."

మధ్యాహ్నం ఊడొచ్చింది ఆ ఇటుక.
ఇన్నేళ్ళూ గోడ లోపలికి తిరిగున్న ముఖం మీద
మూడు గుంటలు, పక్కపక్కన.
పచ్చి ఇటుకని ఎండకి తిప్పిన వేళ్ళు.
టోబియస్ తన చిటికెనవేలు పెట్టి చూశాడు.
పట్టలేదు.
"ఏడేళ్ళుంటాయేమో" అన్నాడు,
పక్కింటి పిల్ల గురించి చెప్పినట్టు.

కంట్రాక్టరు వచ్చి చూసి పాపం అన్నాడు,
నిజంగానే అన్నాడు.
ఇంటావిడ నున్నటి గోడ అడిగిందనీ
గుంటలు లోపలికే ఉండనీమనీ అన్నాడు.

టోబియస్ సరేనన్నాడు.
అతని కారు పోయాక
నేల నుంచి ఎనిమిదో వరసలో, నా మోకాలికి కాస్త పైన
వేళ్ళు బయటికి పెట్టి కూర్చోబెట్టాడు,
మూతి తుడిచినట్టు తడిగోనెతో తుడిచాడు.
"అంత కిందనా? ఎవరు చూస్తారు?"
తాపీ కడుక్కుంటున్నాడు, వినలేదో ఏమో.

మూడు వారాలకి అటుగా వెళ్ళాను.
ఐస్‌క్రీమ్ కొట్టు వరస ఆ గోడ దాకా వచ్చింది.
వాళ్ళమ్మ చిల్లర లెక్కపెడుతోంది,
పిల్లాడు, ఎవరి పిల్లాడో,
ఒక్కో గుంటలో వేలు పెట్టి చూసుకుంటున్నాడు.
మూడూ సరిపోయాయి.

తర్వాత ఆ వేళ్ళు నాకి
మొహం చిట్లించాడు.
ఉప్పు అనుకుంటా.