ఎవరూ పాడని నెల

ఒంగోలులో ఆ ఆఫీసు మెట్లు
మా చీమకుర్తి రాయే.
నల్లటి నలుపులో రాగి చుక్కలు.
పదకొండేళ్లు ఆ దిమ్మెల్ని
కృష్ణపట్నం రేవుకి తోలినవాణ్ణి,
ఏ క్వారీ రాయో చూడంగానే చెబుతాను.
నున్నగా మెరుగు పెట్టారు.
చంకకర్ర కొస దాని మీద నిలవదు.
ఏడు మెట్లు. కూర్చుని ఎక్కాను.

"కారా?" అన్నాడు కిటికీ అవతలి గుమాస్తా.
"మూడు చక్రాల బండికైతే రాసుకో మాలకొండయ్యా,
కారంటే మరి... కారు కదబ్బయ్యా!"
శేషమ్మ మెస్సు నుంచి క్వారీలకి
రోజూ నలభై కేరేజీలు చేరాలి.
మూడు చక్రాల మీద ఎట్టా పట్టేదని అడిగితే
తల గోక్కుని, అర్జీ మాత్రం తీసుకున్నాడు.

బండి చూపిస్తే లైసెన్సు ఇస్తామన్నారు ఒకచోట.
లైసెన్సు చూపిస్తే బండి సంగతి చూద్దామన్నారు ఇంకోచోట.
ధరలో ముప్పై శాతం నువ్వే కట్టుకోమంది బ్యాంకు.
నా ఒంట్లో డెబ్బై శాతం పోయిందని
పెద్దాసుపత్రి డాక్టరు ముద్రేసి ఇచ్చాడు.
మిగిలిన ముప్పై బ్యాంకుకి కావాలంట.
మేనేజరు మీద ఒంటికాలి మీద లేచాను.
నాకుండేది అదొక్కటే.

పదో తేదీ రాత్రి శేషమ్మ మెస్సులో చీటీ పాట.
ఇరవై మందిమి. రెండు లక్షలు.
తుడిచిన బల్ల మీద ఇంకా సాంబారు వాసన,
పసుపు వేళ్లు పడ్డ నోటుబుక్కు.
ఎవరి అవసరం ఎంత పెద్దదైతే
అంత కోసుకుని పాడాలి, అదీ చీటీ ధర్మం.
వెయ్యి తగ్గించి నేను మొదలుపెట్టాను.

వెంకటాద్రి పాడాలి, కొడుక్కి ఐటీఐ ఫీజు కట్టాలి.
పాడలేదు.
సుబ్బరత్తమ్మ బోరు ఎండి నెల దాటింది.
చెంగు అంచు మడతపెడతా కూర్చుంది.
కోటయ్య గోడమీది కేలెండరు చదువుతున్నాడు.
దిమ్మె జారిన రోజు గొలుసు కొస పట్టుకున్నవాడు.
నాలుగేళ్లయింది, నా మొహం చూసి
ఒక్క మాటా మాట్లాడలేదు.

"ఒకటోసారి" అంది శేషమ్మ.
ఫ్యాను కిర్రుమంటోంది.
"రెండోసారి."
ఎవరికో దగ్గొచ్చింది,
పాటనుకుంటారేమోనని
నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మింగేశాడు.
మూడోసారి అనకుండానే నా పేరు రాసి
ఆ వెయ్యి కూడా కొట్టేసింది.

జాలైతే నాకొద్దన్నాను.
గొంతు నేననుకున్నంత గట్టిగా రాలేదు.
"జాలేంది నా మొహం!
పన్నెండు గంటలకల్లా కేరేజీలు అందాల.
నెలనెలా కట్టకపోతే నీ కర్రలు లాక్కుంటా" అంది.
అందరూ నవ్వారు, అవసరమైనదానికంటే ఎక్కువగా.

బూడిదరంగు పాత కారు, గేర్లు మార్చే పని లేనిది.
ఆటోనగర్‌లో ఖాజావలి
స్టీరింగు కింద అడుగున్నర ఇనపకడ్డీ బిగించాడు.
ముందుకి నెడితే బ్రేకు, కిందికి నొక్కితే వేగం.
కూలి చెప్పమంటే
"తోలి చూడు ముందు" అన్నాడు.
కర్నూలు రోడ్డు మీద కుక్క అడ్డమొచ్చింది.
లేని కుడికాలు బ్రేకు తొక్కింది.
కారు ఆగలేదు.
అప్పుడు గుర్తొచ్చింది చేతికి.
కుక్క బతికింది. చొక్కా మొత్తం తడిసింది.

బండి తెచ్చానని లైసెన్సు వాళ్లకి చూపించాను.
మూడు తిరుగుళ్లకి ఇచ్చారు.
అర్జీ ఇంకా ఆ మెట్ల పైనే ఉంది.
చీటీకి ఇంకా పదిహేడు నెలలు కట్టాలి.

మొదటిరోజు నాలుగో క్వారీ కాడ
కోటయ్య వచ్చాడు కేరేజీకి.
కడ్డీ కేసి చూశాడు, నా చెయ్యి కేసి చూశాడు.
మూత తీసి వేలు పెట్టి చూసి
"పప్పు చల్లారిపోయింది" అన్నాడు
నా మొహంలోకే చూస్తా.

రేపు పది నిమిషాలు ముందొస్తానని చెప్పాను.