నీటిగీత

చకావో జలసంధి దాటే పడవలో
పద్దెనిమిదేళ్ళుగా వంట నాది.
పేరు ఎర్సీలియా.
నవంబరులో ప్వెర్తో మోంత్ ఆసుపత్రిలో
నా కడుపుని అరటిపండంత చేసి, కుట్టి పంపారు.
"మిగిలింది ఏం చేశారు?" అని అడిగాను.
నర్సు నవ్వింది గానీ చెప్పలేదు.

అంతకుముందు ఆకలంటే నాకు తెలీదు.
ఎవరికి చెప్పినా నమ్మరు,
నూట ముప్పై కిలోల మనిషి మాట కదా.
వాన పడకముందే తీగ మీది బట్టలు తీసినట్టు
అది రాకముందే తినేసేదాన్ని.
తొమ్మిదిమంది కూర్చునే బల్ల దగ్గర పెరిగాను.
చెయ్యి ముందుపడినవాళ్ళదే బంగాళాదుంప.
పళ్ళెం అద్దమయ్యేదాకా
ఎవ్వరం లేచేవాళ్ళం కాదు.

ఇప్పుడు గిన్నె పసిపిల్లలది, చెంచా పసిపిల్లలది.
కడుపులో ఎలుకలు లేవు.
అద్దెకున్నవాళ్ళు ఖాళీచేసి పోయిన ఇంట్లోలా
ఒకటే నిశ్శబ్దం.
మొదటి నెలంతా గడియారం చూసి తిన్నాను,
మందు మింగినట్టు.

అయినా రాత్రి తొమ్మిదింటికి
ఏదో వచ్చి నాలుక మీద కూర్చునేది.
నూనెలో వేగిన గుమ్మడి రొట్టె కావాలి,
అదే కావాలి, ఇప్పుడే కావాలి.
ఉడికించిన చేప పెడతానంటే
మొహం తిప్పుకునేది.
"చేప వద్దంటే అది ఆకలి కాదు"
అంది ఆసుపత్రిలో తిండి సంగతులు చెప్పే పిల్ల, మకరేనా.
మరెవరది?
లెక్క చూసుకుంటే
నోల్బెర్తో సముద్రం మీదున్న రాత్రుళ్ళే వచ్చేది.

నిండడం తెలియడం ఇంకా కష్టం.
పాత కడుపు కేకేసి చెప్పేది,
అదీ బొత్తాం తెగాక.
కొత్తది గొణుగుతుంది.
మూడో చెంచా దగ్గర ముక్కు కారింది.
గాలి అనుకుని కిటికీ మూశాను.
నాలుగో చెంచాకి ఎక్కిళ్ళు.
తలచుకుంటున్నదెవరా అని
చచ్చిపోయినవాళ్ళతో సహా
అందరి పేర్లూ వరసపెట్టాను. ఆగలేదు.
ఐదోది రొమ్ముటెముక కింద రాయై కూర్చుంది.
తొట్టి దాకా పరుగు.
తలచుకుంటున్నదెవరో
నోరు కడుక్కుంటుంటే తెలిసింది.

ఎవారిస్తో మా పడవలోకి బళ్ళు ఎక్కిస్తాడు.
ఒకరోజు రేవులో కట్టెల లారీవాడు
టోపీ తీసి మరీ బతిమాలుతున్నాడు:
"చోటుందిగా, కనపడట్లా?"
నిజమే, ఉంది.
వంటగది కిటికీలోంచి నాకూ కనపడుతోంది,
సరిగ్గా ఒక లారీ అంత చోటు.
ఎవారిస్తో ఆ చోటు వైపు చూడలేదు.
కమ్మీ పట్టుకుని కిందికి వంగి
పడవ పక్కన ఎర్రగీతని నీళ్ళు తాకడం చూసి
అరచెయ్యి ఎత్తాడు.
కోప్పడలేదు, క్షమించమనీ అనలేదు.
"తర్వాతి పడవుంది" అన్నాడంతే.

ఆ మధ్యాహ్నం మూడో చెంచా మింగాక
నిట్టూర్పు లాంటిదొకటి
నేను పిలవకుండానే వచ్చింది.
చెంచా బోర్లించాను.
గిన్నెలో రెండు దుంపముక్కలు నన్నే చూస్తున్నాయి.
బల్ల చివర్నుంచి మా అమ్మ చూస్తోంది,
తను పోయి పన్నెండేళ్ళు.
మూత పెట్టాను.
చెయ్యి వణికింది, దాచడమెందుకు.

రోజూ అలా కుదరలేదు.
ఈస్టరుకి చెల్లెలింట్లో మాటల్లో పడి
గీత దాటేశాను, రెండుసార్లు.

జూన్‌లో ఒక తెల్లవారుజాము, ఇంకా చీకటే,
ఉల్లిపాయలు తరుగుతుంటే వేళ్ళు చల్లబడ్డాయి.
ఉప్పు డబ్బా మూత పెట్టలేదని
గిన్నెలు కడిగే కుర్రాడి మీద ఊరికే విసుక్కున్నాను.
పక్కటెముకల కింద ఎవరో
తలుపు తట్టాలా వద్దా అని నిలబడ్డట్టుంది.
గుమ్మడి రొట్టె తలచుకున్నాను. ఊఁ అంది.
ఉడికించిన చేప తలచుకున్నాను.
దానికీ ఊఁ అంది.

కత్తి కిందపెట్టాను.
నలభై ఆరేళ్ళొచ్చాక
మొదటిసారి చూస్తున్న మనిషిని
ఏమని పలకరిస్తాం?
"కూర్చో" అన్నాను,
"చేప కాస్త చల్లారనీ."