బెత్తెడు దూరం

తెల్లకాయ పాకెట్ అంచున కూసున్నది.
పసిపోరడు ఊదినా పడుతది.
మొగిలన్న స్ట్రైకర్‌ను గీత మీద అటు జరిపి, ఇటు జరిపి
మళ్ల అటే జరిపిండు.

నేను ఆయన జోడిని. ఇరవై రెండేండ్లు ఎదురుగ కూసున్న.
కాజీపేట రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ల
ఈ రేకు టోపీ బల్బు కింద
ఆయన తొలి వంతుకే తొమ్మిది కాయలు దించి
రెడ్డును జేబుల ఏసుకున్నట్టు ఏసుకుంటే
ఎదుటోని చాయ్ మీద మీగడ కట్టేది.
ఓడినోళ్లు గూడ ఆ చెయ్యి అడిగి పట్టుకొని చూసెటోళ్లు,
లోకోషెడ్ గ్రీజు గోర్లల్ల ఇంకిన చెయ్యి,
నట్టు ఎంత వదులైందో ముట్టుకోకముందే తెలిసిన చెయ్యి.

నిరుడు చలికాలం మొదలైంది.
దూరపుయి పడుతున్నయి.
గోడకు తాకి తిరిగొచ్చేటియి,
రెండు నల్లకాయల సందులకెళ్లి దూరేటియి, అన్నీ పడుతున్నయి.
దగ్గరిదే పడుతలేదు.
పౌడర్ తడిసిందన్నం. బోర్డు ఉబ్బిందన్నం.
బల్బు మార్చినం.
నేనైతే స్ట్రైకర్‌ను నిమ్మకాయతోని కడిగిన.
ఎంజీఎంల డాక్టరు చేతులు సాపమని, ముక్కు ముట్టుకొమ్మని
నరాలు మంచిగనే ఉన్నయని రాసిచ్చిండు.
“నరం మంచిగుంటె మరి చెడ్డది ఏంది సారూ?”
డాక్టరు తర్వాతోన్ని పిలిచిండు.

కౌసల్యక్క చెప్తది,
రాత్రి దుప్పటి మీద ఆయన వేలు టక్కున లేస్తదట.
నిద్రల తప్పుతలేడట,
ముఖం చూస్తె తెలుస్తదట.

ఒక్కసారే నాతోని అన్నడు, స్టేషన్ వంతెన మీద,
కింద పట్టాల దిక్కు చూసుకుంట:
“దూరం కాయకు కొట్టుడే ఉంటది.
దగ్గరిదానికి నడుమ బెత్తెడు జాగ ఉంటది చూడు,
ఆడికి వచ్చి కూసుంటున్నయిరా, గెలిచినయన్ని.”

ఇయ్యాల ఎదురుగ సుమేరా. ఇంటర్ సెకండియర్.
మణికట్టు మీద పెన్నుతో రాసుకున్న ఫార్ములా.
జాలి చూపదు. ఆ పిల్లల నాకు నచ్చేది అదే.
ఆమెకు ఇరవై ఒకటి, ఈయనకు పంతొమ్మిది.

అప్పుడే బొగ్గు గూడ్స్ వచ్చింది, బలార్షా దిక్కుకెళ్లి.
కిటికీ అద్దాలు, చాయ్ గ్లాసులు, బోర్డు, నా కట్టుడు పండ్లు
అన్నీ వణుకవట్టినయి.
బండి పోయేదాక చెయ్యి లేపి ఆగుడు ఇక్కడి ఆచారం.
ఆగినం.
నలభయ్యో వ్యాగన్ కాడ
తెల్లకాయ దానంతట అదే
జాలిల పడ్డది.

ఎవ్వలు మాట్లాడలే.
అంపైర్ గట్టయ్య కండ్లద్దాలు తీసి తుడుచుకోవట్టిండు,
చూడలేదన్నట్టు.
మొగిలన్న జాలిల చెయ్యి పెట్టి కాయను తీసిండు.
మళ్ల అంచున పెట్టిండు,
వెంట్రుకంత తేడ లేకుంట,
వేలు జరంత గూడ వణుకకుంట.

“ఇంకింత ఇటుండె తాతా,” అన్నది సుమేరా.

మొగిలన్న నవ్విండు.
ఈ ఏడాదిల నేను చూసిన తొలి నవ్వు.
“అవ్ బిడ్డా. ఇటే ఉండె.”
కాయను జరిపిండు. స్ట్రైకర్ పెట్టిండు.
ఈసారి అటు జరపలే, ఇటు జరపలే. కొట్టిండు.
కాయ అంచును ముట్టి, తల తిప్పుకొని
బోర్డు నడిమికి వచ్చి నిలవడ్డది.

పిల్ల మూడు దెబ్బలల్ల ఆట ముగించింది.

జనం లేచినంక ఆయన వంగి
కుర్చీ పొట్టికాలు కింద ఉన్న పాత డ్యూటీ కాగితం తీసి
ఇంకో మడత పెట్టి దూర్చిండు.
కూసోని చూసిండు, ఇంక ఊగుతున్నదా అని.
“రేపు ఎన్నింటికొస్తవే?”
“ట్యూషన్ అయినంక.”
“పౌడర్ నేను తెస్త,” అన్నడు.