మూడే కాళ్ళు

ఓబెలె కొట్టంలో
బంగాళాదుంపల గోతాల వెనక
గోడకేసి ముఖం పెట్టి నిలబడి ఉంది,
అల్లరి చేస్తే మూల నిలబెట్టిన పిల్లలా.

ఫోనులో పచ్చరంగు అన్నాడు.
పచ్చని వెతుక్కోవాలి
సీటు కింద, బుట్ట వెనక, వాన చూడని చోట్ల.
నూట నలభై యూరోలు.
"కుడికి లాగుతుంది," అన్నాడు, దాచకుండా.
"మొదట్నుంచీ అంతే. మా ఆవిడ దాన్ని తిడుతూ తొక్కేది."
నూట ఇరవైకి దిగుతాడేమోనని నోరు తెరిచాను.
అప్పటికే అతను బెల్లు మీది దుమ్ము
చొక్కా అంచుతో తుడుస్తున్నాడు.
నోరు మూసుకుని నూట నలభై లెక్కపెట్టాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ ఊళ్ళకి ఉత్తరాలు పంచినవాణ్ణి,
సముద్రపు గాలి అడ్డంగా కొడుతున్నా
ఒంటిచేత్తో సైకిలు నడిపినవాణ్ణి.
మా గుమ్మంలో మూడు చక్రాల బండా అని
సిగ్గుపడిన మాట నిజం.

కానీ చిట్స్కె చెవి లోపల
ఏదో నీటిమట్టం చెదిరి రెండేళ్ళయింది.
లేచి నిలబడితే వంటగది పడవైపోతుంది.
కారులో తీసుకెళ్తానంటే వద్దు,
నా వెనక సీటూ వద్దు.
"నా రొట్టె నేనే తెచ్చుకుంటాను."
తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.
ఈసారి నిజంగానే మూడు.

శనివారం దాన్ని తలకిందులు చేశాం,
నేనూ, మా అమ్మాయి ఫర్దౌ.
చెయిను ఒక్క ముక్కగా లేచింది, చచ్చిన పాములా బిగుసుకుని.
బేరింగులో గుండ్లు పదకొండు ఉండాలి,
ఎనిమిది దొరికాయి.
మిగతా మూడూ ఏ రోడ్డు మీద దొర్లిపోయాయో.
పెడలు మేకు రాత్రంతా కిరసనాయిల్లో నానినా కదల్లేదు.
పోస్టాఫీసులో నేర్చిన బూతులన్నీ ఖర్చయ్యాక
ఫర్దౌ సుత్తి అందుకుని ఒక్కటి వేసింది.
ఊడి వెళ్ళి పెరుగు గిన్నెలో పడింది.

బుట్ట అడుగు చెక్క తీస్తే ఒక కాగితం:
ఈస్టు, నీలం దారం, ఆవాలు,
చివరి మాట తడికి అలుక్కుపోయింది.
ఫర్దౌ నా వంక చూసింది.
కొత్త చెక్క కోసి, దాని కిందే మళ్ళీ పెట్టాం.

ఆదివారం గట్టు మీద పరీక్ష.
ముందు నేనే ఎక్కాను, ఎక్కకేం!
మలుపు రాగానే ఒళ్ళు దానంతటదే ఎడమకి వంగింది,
బండి వంగలేదు.
దానికి వంగడం రాదు.
ముప్ఫై ఒక్క ఏళ్ళ విద్యా కలిసి
నన్ను తిన్నగా కాలువలోకి దించింది.
గట్టు మీద బాతులు కూడా లేచి నిలబడి చూశాయి.

ఫర్దౌ, ఏడో ఏట ఇదే కాలువలో పడి
మళ్ళీ సైకిలు ముట్టనని ఒట్టేసుకున్న పిల్ల,
ఎక్కింది. హ్యాండిలు తిప్పింది. తిరిగింది.
మర్చిపోవలసింది ఏదీ లేదు ఆమెకి.
ఇరవయ్యారేళ్ళు వచ్చాక
చర్చి దాకా వెళ్ళి, బెల్లు కొట్టుకుంటూ వచ్చింది.

కుడికి లాగుడు పోలేదు.
ఇరుసు విప్పాను, చక్రాలు మార్చి చూశాను,
దారం కట్టి కొలిచాను.
చివరికి చిట్స్కె ఒక గోలీ తెచ్చి రోడ్డు మధ్య వదిలింది.
అది మెల్లగా కుడి అంచుకి దొర్లింది.
"బండిది కాదయ్యా, రోడ్డుది," అంది.
వాన నీరు జారడానికి వేసిన వాలు.
రెండు చక్రాల మీద ఎన్ని వేలసార్లు వెళ్ళానో,
ఒక్కసారీ తెలియలేదు.

మంగళవారం తనే వెళ్ళింది వర్కుమ్ దాకా.
మలుపు దగ్గర దాన్ని ఏదో తిట్టడం వినబడింది.
చీకటిపడే వేళకి వచ్చింది
రెండు రొట్టెలతో, ఒక కాబేజీతో, ఎర్రబడ్డ బుగ్గలతో.

ఇప్పుడు వాకిట్లో
దేనికీ ఆనకుండా నిలబడి ఉంది అది.
గోడంతా గులాబీ తీగ, ముళ్ళు.
నా సైకిలు ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు తిరిగి
తెచ్చి దానికే ఆనించాను.