నావికులకు ముందస్తు ప్రకటన

ఆ దీవికి వెళ్లే చివరి పడవ తప్పిపోయింది నాకు.
రేవులో ప్రయాణికుల గది,
కాఫీ యంత్రం గురక,
గాజు తలుపు అవతల గడ్డకట్టిన బాల్టిక్ సముద్రం.
అక్కడే ఒక టికెట్ వెనక గీశాను మొదటి బొమ్మ.

హీయుమా దీవిలో దీపస్తంభం,
దానికో మ్యూజియం,
మ్యూజియానికి వెబ్‌సైట్ కావాలి.
పేజీ అంతా చీకటి పెట్టాను.
మౌస్ బాణం తీసేశాను.
దాని చోట అరచేతంత వెలుగు ముద్ద.
ఎటు కదిపితే అటు, కొంచెం వెనకబడి, ఒయ్యారంగా వస్తుంది.
వెలుగు పడ్డచోటే అక్షరాలు.
టార్టూ ఆఫీసులో నల్లరొట్టె కోస్తూ కోస్తూ
కత్తి పక్కన పెట్టి మరీ చూసింది మార్యు.
చెయ్యి తిరిగిన పని, అన్నారు అందరూ.
అవును మరి,
తిరిగింది నా చెయ్యే.

మార్చిలో, ఆ దీవి నుంచే,
వాడి చూసి చెప్పడానికి వచ్చింది హెల్యు.
డెబ్బై ఎనిమిదేళ్లు.
ఉన్ని సంచిలోంచి తన ల్యాప్‌టాప్ తనే తీసింది.
తెర మీద పసుపు బాణం, బొటనవేలంత.
చూపు నడిమధ్యన మచ్చ మొదలయ్యాక
అల్లుడు పెద్దది చేసి పెట్టాడట.
"ఇది నా వేలు" అంది,
మనవణ్ణి పరిచయం చేసినట్టు.

పేజీ తెరుచుకుంది.
వేలు పోయింది.

మౌస్ ఊపింది, ఆగిపోయిన గడియారాన్ని ఊపినట్టు.
ఆమె చేతికి అర క్షణం వెనకాల
వెలుగు ముద్ద తూలుతూ తిరిగింది.
మౌస్ తిరగేసి అడుగున చూసింది.
బ్యాటరీ అయిపోయిందా అని అడిగింది.
చివరికి సొంత చూపుడువేలే తెర మీద ఆనించి
టికెట్ ధర వెతుక్కుంది చీకట్లో.
నేను కాగితం మీద రాసుకున్నాను:
వాడే మనిషికి తికమక.

"దీపం అందంగానే ఉంది బాబూ.
ముప్పై ఒక్క ఏళ్లు రేవు ఆఫీసులో టైపు కొట్టాను నేను.
ఏ స్తంభానికి ఎన్ని మెరుపులు, నడుమ ఎంత చీకటి.
మా దానికి రెండు మెరుపులు, ఎనిమిది సెకన్లు.
ఒక్క సెకను మార్చాలన్నా ముందు ఓడలన్నిటికీ ప్రకటన వెళ్లాలి.
ఫలానా తేదీ నుంచి, ఫలానా దీపం, ఇలాగ అని.
ఆరిపోయిన దీపాన్ని నమ్మరు కాబట్టి బతుకుతారు.
చెప్పకుండా మార్చిన దీపాన్ని నమ్ముతారు."
కళ్లద్దాలు తుడుచుకుంది.
"మరి నాకు ఉత్తరం వేశావా నువ్వు?"

నవ్వాననుకుంటా నేను.
ఆమె నవ్వలేదు.

ఆ రాత్రి ఆఫీసులో ఒక్కణ్ణే.
వేలిముద్రల మరకలున్న తెర ఆమె వెంటే వెళ్లిపోయింది,
నా తెర శుభ్రంగా ఉంది.
పరాయి పనిలో వేలు పెట్టకూడదని తెలుసు నాకు.
పరాయి వేలిలోనే వేలు పెట్టాను.
పేజీ నాది, చీకటి నాది, అక్షరాల వంపు నాది.
బాణం మాత్రం ఆమె వెంట తెచ్చుకున్నది.
బ్యాంకుకీ, మందుల షాపుకీ, వాతావరణం చూడ్డానికీ
దాన్ని పట్టుకునే నడిచింది.
నేను గుమ్మంలోనే ఆ చేతికర్ర లాక్కుని
నెమలీక ఇచ్చి
ఇక నడవండి అన్నాను.

ఒక్క వాక్యం కొట్టేస్తే చాలు.
కొట్టేయడానికి రెండింటి దాకా పట్టింది,
నిజం చెప్పొద్దూ, ఆ వెలుగు చాలా బాగుండేది.

ఇప్పుడది పేజీ మూలన నిలబడి ఉంటుంది.
రెండు మెరుపులు, ఎనిమిది సెకన్ల చీకటి.
ఎవరి వెంటా పడదు.
మ్యూజియం డైరెక్టరు ఉర్మస్ పెదవి విరిచాడు,
మామూలుగా ఉందన్నాడు.
ఆ ఏడు మాకు బహుమతులేమీ రాలేదు.

అక్టోబరులో ఒక కవరు వచ్చింది.
లోపల పాత టైపు మిషను అక్షరాలు,
ఒక అక్షరం ప్రతిసారీ కాస్త పైకి ఎగిరి:

నావికులకు ప్రకటన.
ఈ నెల పధ్నాలుగు నుంచి
హెల్యు బాణం పసుపు కాదు, ఎరుపు.
పరిమాణం మునుపటికి రెండింతలు.
పాత పటాలు సరిచేసుకోగలరు.