గొర్రె చెవి గాటు

రేవులో పడవల వేళల పేజీ
పద్దెనిమిదేళ్ల పాతది.
బూజు దులపమని నాకిచ్చారు.
బయట క్లాక్స్‌విక్ వాన
అడ్డంగా కురుస్తోంది,
ఈ ఊళ్లో వానకి నిలువు తెలీదు.

తెర మీద ఏముంది?
దీవి పేరు, వేళ, మధ్యలో గీత.
తిరగేసి చూస్తే
ప్రతి వరుసకీ లోపలి కుట్లు:
డేటా-గాలి, డేటా-అల,
డేటా-గొర్రెలు-ఎక్కుతాయా.
అన్నీ బ్రందుర్ పెట్టిన పేర్లే.
బ్రౌజర్‌కి ఒక్కదానికీ అర్థం తెలీదు,
అయినా పారెయ్యదు.
పక్కసీటు మనిషి దిగి మరిచిన మూటని
ఒళ్లో పెట్టుకు కూర్చుంటుంది
ఎవరో అడక్కపోతారా అని.

నియమం ఒక్కటే.
ఏ పేరైనా పెట్టుకో,
ముందు ఇంటిపేరు ఉండాలి, డేటా అని.
లేదంటే రేపు పుట్టబోయే అసలు పేరేదో వచ్చి
నీ దానితో తగువు పడుతుంది.
ఇంకోటి, ఇది నియమం కాదు, అనుభవం:
లోపల ఏం రాసినా వట్టి మాటే.
ఏడు రాస్తే అంకె కాదు, ఏడు అనే మాట.
అబద్ధం అని రాసినా
రాసి ఉంది కదా, నిజమే అనుకుంటుంది స్క్రిప్టు.

సాయంత్రం ఐదూ నలభై.
పడమటి దీవి పడవ.
ఆ ఒక్క వరుసలో
డేటా-ఆగాలి, విలువ: సున్నెవా.
పదకొండు ఫైళ్లు గాలించాను.
దాన్ని అడిగిన స్క్రిప్టు లేదు,
దాన్ని బట్టి మారే రంగు లేదు.
ఫలితం సున్న.

టికెట్లు చింపే హానుస్ నవ్వాడు.
చేపల ఫ్యాక్టరీ, మొదటి షిఫ్టు అమ్మాయి,
ఐదున్నరకి గంట, అక్కణ్ణుంచి పరుగు.
పడవ రెండు నిమిషాలు ఆగేది,
కాగితం మీద మాత్రం నలభైయే.
బ్రందుర్‌కి ఆమె ఏమవుతుంది?
ఏమీ కాదు. రోజూ కిటికీలోంచి చూసేవాడు.
ఇప్పుడామె?
రాజధానిలో. కారు కొనుక్కుంది.

తన ఎడమ చెవి పట్టుకుని చూపించాడు:
మా గొర్రెలకి ఇక్కడ రెండు గాట్లు.
కొండకి తెలీదు, గడ్డికి తెలీదు,
శరత్తులో కిందికి తోలుకొచ్చినప్పుడు
మాకు తెలుస్తుంది.

మర్నాడు గొడుగు తిరగబడుతుంటే
రేవులో నిలబడి గడియారం చూశాను.
ఐదూ నలభై.
తాడు విప్పలేదు.
నలభై ఒకటి.
కెప్టెన్ కొత్తవాడు, గడ్డం కూడా సరిగ్గా రాలేదు.
ఎవరి కోసం? అని అరిచాను.
ఎవరి కోసమూ కాదు, ఎప్పుడూ ఇంతే, అన్నాడు.
నలభై రెండుకి కూత వేశాడు.

ముప్ఫై నాలుగు పేర్లు చెరిపేశాను.
ఆ ఒక్క వరుసకి ఎదురుగా
రిపోర్టులో రాశాను:
వాడుకలో ఉంది.